రెండు వందల్లో పెదవేగి, గుంటుపల్లి



ఏలూరు హాస్టళ్ళలో ఉండే మనవాళ్ళం ఆదివారం ఏం చేస్తాం? బట్టలు ఉతుక్కుంటాం, పడుకుంటాం, ఫోన్ చూస్తాం. మేమూ రెండేళ్ళు అదే చేశాం. ఊళ్ళు చూడ్డానికి వెళ్ళడం మన పని కాదని మాకెవరూ చెప్పలేదు, కానీ అలాగే అనుకున్నాం. ఎందుకంటే మన వైపు చూడ్డానికి వచ్చేది వాళ్ళు. పాపికొండల బోట్లు మన గూడేల ముందు నుంచే వెళ్ళేవి. బుట్టాయిగూడెం అడవిలో గుబ్బల మంగమ్మ తల్లి దగ్గర ఆదివారం ఎన్ని కార్లు ఆగుతాయో మీకు తెలియనిది కాదు. మాలో ఒకడి చెల్లిని అక్కడే ఎవరో ఫొటో తీసుకుని చేతిలో పది రూపాయలు పెట్టారు. వాళ్ళ నాన్న ఆ పదీ తిరిగి ఇప్పించేశాడు. అప్పుడు దానికి ఏడేళ్ళు. ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటుంది.

ఈ ఏడాది జనవరిలో మేము నలుగురం ఒక నియమం పెట్టుకున్నాం. మనిషికి 200 రూపాయలు, రాత్రి భోజనం టైముకి హాస్టల్లో ఉండాలి.

మొదట కొల్లేరు వెళ్ళాం. కైకలూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటపాక దగ్గరే. అటవీ శాఖ వాళ్ళు నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతారు, వాటి మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని మేపుతున్నాయి. బోటు ఎక్కలేదు, మన లెక్కలో పట్టదు. గట్టు మీద నుంచి చూసినా చాలు. వెళ్తే చలికాలమే వెళ్ళండి, ఎండాకాలం అయితే వాసన తప్ప ఏమీ దొరకదు. దారి పొడవునా చేపల చెరువులే. 2006లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు పగలగొట్టిన సంగతి అక్కడ ముసలాయన ఒకాయన చెప్పాడు. ఆయన మాటల్లో పక్షుల మీద కోపం లేదు గానీ, పక్షులకి ఇచ్చినంత విలువ మాకిచ్చారా అన్నాడు. మేమేం మాట్లాడలేకపోయాం.

తర్వాతి నెల ఒక ఆదివారం పొద్దున్నే పెదవేగి, అటు నుంచి గుంటుపల్లి. హాస్టల్ మెస్‌లో పులిహోర డబ్బాల్లో పెట్టించుకున్నాం. వంట చేసే అక్కకి ముందు రోజే చెప్పి ఉంచండి, కాదనదు.

పెదవేగి ఏలూరుకి 12 కిలోమీటర్లు. పుస్తకంలో వేంగి అని చదువుకున్నది ఇదే. శాలంకాయనుల రాజధాని, తర్వాత తూర్పు చాళుక్యులు కూడా ఇక్కడి నుంచే ఏలారు. చైనా నుంచి హ్యూయన్‌త్సాంగ్ వచ్చి చూసి రాసుకున్న రాజధాని కూడా ఇదేనంటారు. మేము కోట ఉంటుందనుకున్నాం. కోటా లేదు, గోడా లేదు. పొలాలు, తోటలు, మట్టి దిబ్బలు. దిబ్బల్ని తవ్వితే ఇటుక కట్టడాలు బయటపడ్డాయట. "ఇంతేనా" అన్నాడు మావాడు. అరగంటలో అయిపోయింది. ఖర్చు బస్సు టిక్కెట్టు ఒక్కటే, కాబట్టి తిట్టుకోలేదు.

అక్కడి నుంచి కామవరపుకోట చేరి, జీలకర్రగూడేనికి ఆటో మాట్లాడుకున్నాం. ఆదివారం బస్సులు తక్కువ. ఆటోకి రానూపోనూ ముందే బేరం కుదుర్చుకోండి, మేము పోను మాత్రమే మాట్లాడి దెబ్బతిన్నాం. కొండ దగ్గర టిక్కెట్టు 25 రూపాయలు, 15 ఏళ్ళ లోపు పిల్లలకి లేదు. మంచినీళ్ళు కిందే నింపుకోండి.

మెట్లెక్కి పైకి వెళ్తే మొదట గుండ్రంగా ఒక గుహ. కొండనే తొలిచి లోపల స్తూపం నిలబెట్టి, చుట్టూ తిరగడానికి దారి వదిలారు. 2000 ఏళ్ళు దాటిన చైత్యం. ఊరివాళ్ళకి ఆ స్తూపం ధర్మలింగేశ్వరుడు, శివరాత్రికి జనం వస్తారు. అది తప్పు, ఇది ఒప్పు అని మేము అనం. మన దగ్గర రాయికి బొట్టు పెట్టి మొక్కేటప్పుడు ఆ రాయి ముందు ఎవరిదో అడుగుతామా?

మావాళ్ళలో వేలేరుపాడు వైపు వాడు అందులోకి వెళ్ళి తల పైకెత్తాడు, ఇక దించలేదు. పైకప్పుకి రాతిలో వాసాలు చెక్కి ఉన్నాయి. మధ్య నుంచి చుట్టూ దిగిన వాసాలు, వాటికి అడ్డంగా బద్దలు, అచ్చం గుడిసె కప్పులాగే. బీహార్‌లో బరాబర్ కొండల గుహల్లో కూడా ఇలా కర్ర ఇంటిని రాతిలో చెక్కారని మా మాస్టారు చెప్పారు. ఆలోచిస్తే విచిత్రం. అది కొండ. వాసాలు లేకపోయినా కప్పు పడిపోదు. కానీ ఆ చెక్కినవాళ్ళకి ఇల్లంటే కర్రతో కట్టిన ఇల్లే తెలుసు. అవి లేకుండా ఇల్లు ఎలా ఉంటుందో వాళ్ళకి తోచలేదు.

మావాడి ఊరు పోలవరం ముంపులో ఉంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇల్లు మునిగింది. తర్వాత కాలనీకి మారారు. వాళ్ళ నాన్న ఇల్లు విప్పి తలుపులు, నిట్రాళ్ళు, దూలం, వాసాలు అన్నీ ట్రాక్టర్‌లో వేసుకొచ్చాడు. కాలనీలో ఇచ్చింది స్లాబు ఇల్లు. ఆ వాసాలు ఇంటి వెనక పట్టా కింద ఉన్నాయి. అమ్మమంటే అమ్మడు, పొయ్యిలో పెట్టమంటే పెట్టడు. "ఇంటి వాసాలు" అంటాడు అంతే. మావాడికి ఇన్నాళ్ళూ అది ముసలితనం చాదస్తం. ఆ రోజు గుహలో వాడు ఏమీ అనలేదు, ఫొటోలు మాత్రం పదిహేను తీశాడు.

ఇంకా పైకి విహారాలు, ఇటుక చైత్యం, గట్టు మీద వరసగా చిన్న చిన్న రాతి స్తూపాలు. మొక్కుకున్నవాళ్ళు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు కట్టుకున్నవి. చనిపోయిన పెద్దలకి మనవాళ్ళు పాతే రాళ్ళు గుర్తొచ్చాయి మాకు. సిరిసద అనే రాజు దగ్గర రాతపని చేసే లేఖకుడు మండపం దానం చేసినట్టు స్తంభాల మీద శాసనం ఉంది. గుమాస్తా పేరు కూడా రాయి మీద నిలిచింది, బాగుంది కదా.

అక్కడే ఒక కుటుంబం మమ్మల్ని "బాబూ, మీరు ఇక్కడివాళ్ళేనా? కాస్త చూపిస్తారా?" అని అడిగింది. ముందు మాకు కోపమొచ్చింది. మొహం చూసి అనుకున్నారుగా! కానీ మాలో హిస్టరీ వాడు ఉన్నాడు, బోర్డులన్నీ అప్పటికే చదివేశాడు. గంటసేపు తిప్పి, వాసాల సంగతి, లేఖకుడి సంగతి అన్నీ చెప్పాడు. వాళ్ళు బుద్ధిగా విన్నారు, పాప ఎదురు ప్రశ్నలు కూడా వేసింది. వెళ్ళేటప్పుడు ఆయన వంద కాగితం ఇచ్చాడు. తీసుకోవాలా వద్దా అని కిందకి దిగేదాకా తగువు. చెల్లి పది రూపాయల సంగతి మళ్ళీ వచ్చింది. హిస్టరీ వాడు "ఇది మొహానికి ఇచ్చింది కాదురా, చెప్పినందుకు ఇచ్చింది" అన్నాడు. ఇద్దరు ఒప్పుకున్నారు, చెల్లి అన్నయ్య ఇప్పటికీ ఒప్పుకోలేదు. తిరుగు ఆటోకి మాత్రం అదే ఇచ్చాం. అందరం ఎక్కాం, వాడు కూడా.

లెక్క రాస్తున్నాం: పెదవేగి, గుంటుపల్లి రెండూ కలిపి మనిషికి 190 లోపే అయ్యింది, టీలతో సహా. ఆ వంద ఇందులో కలపలేదు.

ఆ రాత్రి మావాడు ఫొటోలు వాళ్ళ నాన్నకి పంపాడు. కాసేపటికి ఫోన్ వచ్చింది, స్పీకర్‌లో పెట్టాడు.

"ఏం కర్రరా అది?"

"కర్ర కాదు నాన్నా, రాయి. కొండలో చెక్కారు."

కాసేపు మాట లేదు. ఫొటో పెద్దది చేసి చూస్తున్నాడేమో.

"వాసానికీ వాసానికీ ఎడం ఎంతుందిరా?"

మేమెవ్వరం కొలవలేదు. వచ్చే నెల ఆయన్ని తీసుకుని మళ్ళీ వెళ్తున్నాం. కాలనీ నుంచి ఆయన జంగారెడ్డిగూడెం మీదుగా వస్తాడు, మేము ఇటు నుంచి వెళ్తాం, కామవరపుకోట బస్టాండులో కలవాలి. ఎవరైనా వస్తామంటే చెప్పండి, ఆటోలో ఇంకో ఇద్దరు పడతారు.