అత్తకు గుర్తున్న జ్వరం

గుండెలో క్రిమి చేరిందంటే ఊళ్లో ముందు పుట్టే ప్రశ్న ఒకటే: "వాడికేం అలవాటు?" మహేంద్రమంగళంలో మా మేనత్త కొడుక్కు ఈ జబ్బు వచ్చినప్పుడు, ఆ ప్రశ్నకు భయపడి అత్త అరుగు మీద కూర్చోవడమే మానుకొంది. బావకు బీడీ కూడా తెలియదు.

మత్తుసూదులు పొడుచుకొనేవాళ్లకు ఈ జబ్బు వస్తుందన్న మాట నిజమే. సూది వెంట క్రిములు నెత్తురులో దిగి గుండె కవాటాల మీద గూడు కడతాయి. కానీ క్రిమికి అదొక్కటే దారి కాదు. పసితనంలో గొంతునొప్పి వస్తుంది. కొందరికి రెండు మూడు వారాల తర్వాత జ్వరంతో కీళ్లు వాస్తాయి. వాపు పోతుంది, కవాటం మీద మచ్చ మిగులుతుంది. ఏళ్లు గడిచాక పిప్పిపన్నులోని క్రిమి నెత్తురులో కలిసి ఆ మచ్చ మీద చేరవచ్చు. ఇందులో నడతకేమి సంబంధం?

సంగీతకర్త గుస్తావ్ మాలర్ 1911లో వియన్నాలో ఈ జబ్బుతోనే పోయాడు. ఆయన కవాటం చెడిందని 1907లోనే డాక్టర్లు చెప్పారు. నెత్తురులో క్రిమిని పట్టుకోగలిగారు గాని, చంపే మందు అప్పటికి లేదు. 1940లలో పెనిసిలిన్ వచ్చాకే ఈ రోగులు బతకసాగారు.

బావకు నెల రోజులు జ్వరం. వచ్చినప్పుడల్లా రెండు దినాల మాత్రలు. అలా అరకొర మందు పడితే పరీక్షలో క్రిమి దొరకడం కష్టమవుతుంది. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరు తమిళంలో అడిగాడు, చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చిందా అని. బావ లేదన్నాడు. ఆ మాట నేను అత్తకు తెలుగులో చెప్పాను.

"రాకేం! మోకాళ్లు వాచి నెల దినాలు బడికి పోలేదు. నేనే ఎత్తుకొని తిరిగితిని" అంది.

డాక్టరు మళ్లీ గుండె విన్నాడు. మూడు మార్లు నెత్తురు తీయించాడు, ఎకో తీయించాడు. ఆరు వారాలు నరంలోకి మందు ఎక్కించాక బావ లేచి తిరిగాడు. ఇక పన్ను పీకించుకోవాలన్నా ముందే డాక్టరుకు చెప్పి, ఒక మోతాదు మందు వేసుకోవాలి.

మన ఇళ్లలో పిల్లల జబ్బుల చరిత్ర అమ్మల నోట తెలుగులోనే ఉంది. వాళ్లుండగానే అడిగి రాసుకోండి. తమిళంలో కూడా రాసిపెట్టండి.