ఉప్పల్ నుండి హిమగిరుల దాకా: మన పొరుగు దేశం నేపాల్

నాగోల్‌లో మెట్రో రైలెక్కి బయలుదేరితే ఉప్పల్, స్టేడియం దాటిన తరువాత ఎన్‌జీఆర్‌ఐ అనే స్టేషను వస్తుంది. ఆ పేరును ప్రతిరోజూ వేలాదిమంది వింటారు. 1961లో నెలకొన్న ఆ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో హిమాలయ భూకంపాలను అధ్యయనం చేసే శాస్త్రజ్ఞులున్నారన్న సంగతి వారిలో కొద్దిమందికే తెలుసు. అదే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉన్నది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరం ఏదో లెక్కగట్టి లోకానికి చెప్పినది ఆ సర్వే శాఖయే.

ఈ ప్రాంతానికి హిమాలయాలతో మూడవ బంధం కూడా ఒకటున్నది. అది ఉప్పల్ కాలనీలలోని అపార్టుమెంట్ల గేటు దగ్గర, నాచారం పారిశ్రామికవాడలోని గిడ్డంగుల ముందర రాత్రంతా మేలుకొని ఉంటుంది. అతడే నేపాలీ కాపలాదారు. మొదటి రెండు బంధాలను మనం ఎరుగం. మూడవదానిని ఎరుగుదుమని అనుకుంటాం. కాని ఏళ్ళ తరబడి మన ఇంటికి కావలి కాసిన ఆ మనిషి అసలు పేరు మనలో ఎందరికి తెలుసు? కొందరు ‘గూర్ఖా’ అంటారు, కొందరు ‘బహదూర్’ అంటారు. అంతటితో పరిచయం ముగిసిపోతుంది.

మానవులందరినీ ఒకే స్త్రీ పురుషుల నుండి పుట్టించి, జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం పరిచయం చేసుకోవడానికేనని దివ్యఖుర్ఆన్ తెలుపుతున్నది. భూమిపై సంచరించి చూడమని కూడా అది మానవుణ్ణి పదేపదే పిలుస్తున్నది. ఆ రెండు ఆదేశాలను దృష్టిలో ఉంచుకొని, ఆ కాపలాదారు పుట్టిన నేలను ఒకసారి చూసి వద్దాం.

మూడు మెట్ల దేశం

నేపాల్ వైశాల్యం సుమారు 1,47,000 చదరపు కిలోమీటర్లు. 2021 జనగణన ప్రకారం జనాభా 2 కోట్ల 91 లక్షలు. దేశం మూడు మెట్లుగా ఉంటుంది. దక్షిణాన బీహార్, ఉత్తరప్రదేశ్‌లను ఆనుకొని ఉన్న తరాయి మైదానం మొదటి మెట్టు. ఇక్కడ వరి, చెరకు పండుతాయి. ఎండ మన ఎండలాగే ఉంటుంది. దాని పైన పర్వతసానువుల ప్రాంతం ‘పహాడ్’. రాజధాని కాఠ్మాండూ ఇక్కడే సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఒక లోయలో ఉన్నది. మూడవ మెట్టు ‘హిమాల్’. ప్రపంచంలో 8,000 మీటర్లకు మించిన శిఖరాలు 14 ఉండగా, వాటిలో ఎనిమిది నేపాల్‌లోనో, దాని సరిహద్దుల మీదనో ఉన్నవి.

ఈ పర్వతాలు చూడటానికి అనాదిగా ఉన్నట్లు కనిపిస్తాయి గాని, భూమి వయసుతో పోల్చితే ఇవి పసిబిడ్డలు. భారత భూఫలకం ఉత్తరానికి జరిగి ఆసియా ఫలకాన్ని ఢీకొనడం వలన, సుమారు అయిదు కోట్ల సంవత్సరాల క్రిందట ఇవి పైకి లేవనారంభించాయి. అందుకే ఆ ఎత్తులలోని రాళ్ళలో సముద్ర జీవుల శిలాజాలు దొరుకుతాయి. మరి ఉప్పల్, నాచారం పరిసరాలలోని నల్లని గుండ్ల వయసెంత? దాదాపు 250 కోట్ల సంవత్సరాలు! మనం నిర్లక్ష్యంగా పగులగొట్టి పునాదులు తీసే రాయి హిమాలయాలకంటే ఎన్నో రెట్లు పెద్దది. ఎత్తును చూసి గొప్పతనాన్ని నిర్ణయించే మనిషికి సృష్టికర్త చెప్పిన పాఠం ఇందులో లేదా?

ఆ ఒత్తిడి నేటికీ ఆగలేదు. 1934లో బీహార్‌ను, నేపాల్‌ను కుదిపిన భూకంపం వెనుకా, 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత గల భూకంపం వెనుకా ఉన్నది అదే. 2015 విపత్తులో దాదాపు 9,000 మంది మరణించారు. కాఠ్మాండూలోని ధరహరా గోపురం కూలిపోయింది. ఆనాడు శనివారం. నేపాల్‌లో వారపు సెలవు శనివారమే. బడులు మూసి ఉన్న కారణంగా, కూలిన వేలాది తరగతి గదులలో పిల్లలు లేరు. అల్లాహ్ కారుణ్యం ఏ రూపంలో వస్తుందో ఎవరు చెప్పగలరు!

ఎవరెస్టు మన దారినే వచ్చాడు

అత్యున్నత శిఖరానికి పేరిచ్చిన జార్జి ఎవరెస్టు 1818లో విలియం లాంబ్టన్‌కు సహాయకునిగా హైదరాబాదు వచ్చినవాడే. కృష్ణా గోదావరుల నడుమ అడవులలో సర్వే చేస్తూ ఇక్కడే తీవ్రమైన జ్వరాన పడ్డాడు. అయితే ఆ శిఖరాన్ని కొలిచినది ఆయన కాదు. ఆయన పదవీ విరమణ తరువాత, 1852లో బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్ దాని ఎత్తును లెక్కగట్టారు. విదేశీయులకు నేపాల్ ద్వారాలు మూసి ఉన్నందున సర్వే వారు మైదానాల నుండే దూరపు కొలతలు తీసుకున్నారు. వచ్చిన లెక్క 29,002 అడుగులు. 2020 డిసెంబరులో నేపాల్, చైనాలు కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అనగా సుమారు 29,032 అడుగులు. లెక్కగట్టినవాని పేరు మరుగున పడి, చూడనివాని పేరు శిఖరానికి నిలిచింది. నేపాలీలకు మాత్రం అది ‘సాగర్‌మాథా’. టిబెటన్లకు, షేర్పాలకు ‘చోమొలుంగ్మా’.

జనం, మాట, మర్యాద

‘గూర్ఖా’ అనునది ఒక వృత్తి పేరు కాదు. గోర్ఖా అనేది మధ్య నేపాల్‌లోని ఒక కొండ రాజ్యం. దాని రాజు పృథ్వీనారాయణ్ షా 1768-69లో కాఠ్మాండూ లోయను జయించి నేటి నేపాల్‌కు పునాది వేశాడు. ఆ రాజవంశపు పాలన 2008లో ముగిసి దేశం గణతంత్రమైంది. 2015 రాజ్యాంగం నేపాల్‌ను మతాతీత రాజ్యంగా నిలిపింది. 2021 జనగణన 142 జాతులను, 124 మాతృభాషలను నమోదు చేసింది. నేవార్లు, తమాంగులు, మగర్లు, గురుంగులు, థారూలు, షేర్పాలు, మైదానాల మధేశీలు – వీరందరినీ ఒకే ముఖంగా, ఒకే పేరుగా చూడటం మన అజ్ఞానమే.

నేపాలీ మర్యాదలు తెలుగువారికి కొత్తగా తోచవు. అపరిచితుణ్ణి కూడా ‘దాయి’ (అన్నా), ‘భాయి’ (తమ్ముడూ), ‘దిదీ’ (అక్కా), ‘బహినీ’ (చెల్లీ) అని వరుస కలిపి పిలుస్తారు. మన ఎంగిలిని వారు ‘జుఠో’ అంటారు. తాను కొరికినది ఇతరులకు ఇవ్వరాదు, తన చేతితో ఇతరుల కంచాన్ని తాకరాదు. వస్తువును కుడిచేతితో గాని, రెండు చేతులతో గాని అందిస్తారు. ఇంటిలోనికి వెళ్ళేముందు చెప్పులు విడుస్తారు.

నేపాల్ ముస్లింలు

2021 జనగణన ప్రకారం నేపాల్ జనాభాలో ముస్లింలు 5.09 శాతం, సుమారు 14 లక్షల 83 వేలు. వీరిలో అత్యధికులు తరాయి మైదానాలలో ఉంటారు. నేపాల్‌గంజ్, కపిలవస్తు, రౌతహట్ ప్రాంతాలలో ఉర్దూ, అవధీ, భోజ్‌పురీ వినిపిస్తాయి. కాఠ్మాండూకు ముస్లింలు మల్ల రాజుల కాలంలోనే వచ్చారు. రత్నమల్లుని కాలంలో, అనగా 15వ శతాబ్ది చివర, 16వ శతాబ్ది మొదట, టిబెట్ వర్తకం చేసే కాశ్మీరీ వ్యాపారులు ఇక్కడ స్థిరపడ్డారు. ఘంటాఘర్ సమీపంలోని కాశ్మీరీ తకియా మసీదు వారి జ్ఞాపకమే. కొండప్రాంతాలలో ‘చురౌటే’లనే ముస్లింలున్నారు. గాజులు తయారుచేసి ఊరూరా అమ్మడం వారి వృత్తి. వారి మాతృభాష నేపాలీయే. మన లాడ్ బజార్ గాజుల వీధిని ఎరిగినవారికి ఆ కొండదారుల గాజుల మూట పరాయిదనిపించదు.

ఆ మసీదుకు దగ్గరలోనే జామె మసీదు ఉన్నది. దాని ప్రాంగణంలో బేగం హజ్రత్ మహల్ శాశ్వత నిద్రలో ఉన్నారు. 1857 తిరుగుబాటులో అవధ్ పక్షాన నిలిచి, లక్నో పతనమైన తరువాత కూడా ఆంగ్లేయుల భరణాన్ని తిరస్కరించి నేపాల్ చేరిన వీరవనిత ఆమె. 1879లో అక్కడే కన్నుమూశారు. ఆమెకు ఆశ్రయమిచ్చిన జంగ్ బహదూర్ రాణాయే, లక్నోను పట్టుకోవడంలో ఆంగ్లేయులకు సైన్యంతో సహాయపడ్డాడు. చరిత్ర ఒకే మనిషి చేత రెండు పనులూ చేయిస్తుంది. అదే జంగ్ బహదూర్ 1854లో తెచ్చిన ‘ములుకీ ఐన్’ శాసనం ముస్లింలను సమాజపు నిచ్చెనలో క్రింది మెట్టున ఉంచింది. 1963లో వచ్చిన కొత్త శాసనంతో చట్టం ముందు సమానత్వం లభించింది. నేడు ఈద్ పండుగలకు ప్రభుత్వ సెలవున్నది. రాజ్యాంగం ప్రకారం ముస్లిం కమిషన్ ఉన్నది.

చేదు జ్ఞాపకం కూడా ఒకటున్నది. 2004లో ఇరాక్‌లో పొట్టకూటికై వెళ్ళిన 12 మంది నేపాలీ కార్మికులను దుండగులు బందీలుగా పట్టి చంపివేశారు. ఆ వార్త విని రగిలిన గుంపు మరునాడు కాఠ్మాండూ జామె మసీదుపై దాడి చేసింది. నేపాలీ ముస్లింలు ఆ హత్యలను ఖండించినవారే. అయినా ఎవరో చేసిన దుర్మార్గానికి వారు మూల్యం చెల్లించారు. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ నేర్పిన న్యాయం. పరిచయం లేనిచోట ఆ న్యాయం ఎంత సులువుగా మరుగున పడుతుందో ఈ ఘటన చెబుతుంది.

ప్రయాణికులకు కొన్ని సూచనలు

భారతీయులకు నేపాల్ వెళ్ళడానికి వీసా అవసరం లేదు. విమానంలో వెళ్ళేవారు పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని వెంట ఉంచుకోవాలి. రైలు మార్గాన రక్సౌల్ చేరి, సరిహద్దు దాటి బీర్‌గంజ్ మీదుగా వెళ్ళవచ్చును. అక్కడి గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. వారి విక్రమ సంవత్సరం సుమారు 57 ఏళ్ళు ముందుంటుంది! మన 100 రూపాయలు వారి 160 రూపాయలతో సమానం. అక్టోబరు, నవంబరు నెలలు ప్రయాణానికి ఉత్తమం. వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి. 2,500 మీటర్లు దాటితే ఆగి ఆగి ఎక్కాలి. తలనొప్పి, వాంతులు ఎక్కువైతే క్రిందికి దిగడమే మందు.

‘దాల్-భాత్-తర్కారీ’ అనగా పప్పు, అన్నం, కూర. మనవారికి ఇంటి భోజనమే. ‘మోమో’ అనేవి ఆవిరిపై ఉడికించిన చిన్న కుడుముల వంటివి. లోపల తరచు గేదె మాంసం ఉంటుంది. హలాల్ అవునో కాదో అడిగి తినడం మేలు. సందేహమైతే కూరగాయలవి తీసుకోవచ్చును. ఆవు వారి జాతీయ జంతువు, గోవధ చట్టరీత్యా నేరం. ఆ మనోభావాన్ని గౌరవించడం అతిథి ధర్మం. కొండదారులలో మసీదులు అరుదు. చాప, దిక్సూచి వెంట ఉంచుకోవాలి. ఖిబ్లా దాదాపు పడమటి దిక్కు.

గేటు దగ్గరి మనిషి

1950 నాటి భారత-నేపాల్ ఒప్పందం ఇరుదేశాల ప్రజలకు పరస్పరం నివసించే, పనిచేసే అవకాశమిచ్చింది. ఆ బాటనే నేపాలీ కాపలాదారు ఉప్పల్ చేరాడు. అతని తమ్ముడో, బావమరిదో ఖతర్‌లోనో, సౌదీలోనో ఉండవచ్చును. విదేశాల నుండి కార్మికులు పంపే సొమ్ము నేపాల్ జాతీయాదాయంలో దాదాపు నాలుగవ వంతుకు సమానం. ఆ గల్ఫ్ గదులలో నేపాలీ పక్కనే కరీంనగర్ బిడ్డ, నిజామాబాద్ బిడ్డ, హైదరాబాద్ పాతబస్తీ బిడ్డ పడుకుంటారు. అక్కడి యజమాని మన బిడ్డను పేరుపెట్టి పిలవాలని, జీతం ఆపరాదని, పండుగకు ఇంటికి పంపాలని మనం దుఆ చేస్తాం. ఇక్కడ మెట్ల క్రింది గదిలో కాపురముంటున్న ఆ కుటుంబానికి యజమానులం మనమే. మనం కోరుకునేది మనం ఇస్తున్నామా?

కూర వండినపుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి కూడా పంపమని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించారు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇమ్మన్నారు. పొరుగువాని హక్కుకు మతం అడ్డు కాదు. నేపాల్ ప్రయాణం అందరికీ సాధ్యం కాకపోవచ్చును. గేటు దాకా నడవడం అందరికీ సాధ్యమే. ఈ రాత్రి ఒక గిన్నెలో కూర తీసుకొని వెళ్ళి, “దాయీ, నీ పేరేమి? నీ ఊరేది?” అని అడిగి చూడండి. దసరా వారి పెద్ద పండుగ, ‘దశైం’ అంటారు. ఆ రోజులలో ఇంటికి వెళ్ళడానికి సెలవిచ్చి పంపండి. ఈద్ నాడు షీర్ ఖుర్మా మొదటి గిన్నె అతని పిల్లలకు చేరనివ్వండి. అల్లాహ్ మనందరికీ పొరుగువారిని ఎరిగి, వారి హక్కులను నెరవేర్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.