హెవీ లైసెన్స్ వచ్చింది, బండే దొరకట్లేదు

మా పిన్ని కొడుక్కి హెవీ లైసెన్స్ వచ్చింది. 20 ఏళ్లు నిండాలి, కారు లైసెన్స్‌కి ఏడాది పూర్తవ్వాలి, అవన్నీ దాటాడు. కానీ విజయవాడ ఆటోనగర్‌లో ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకెళ్లినా ఒకటే ప్రశ్న: "లారీ ఎన్నేళ్లు తోలావు?" ఎవరూ బండి ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్ణించి వస్తుంది?

వెనకటికి క్లీనర్‌గా ఎక్కి, జాకీ పెట్టి, పట్టా కప్పి, తాళ్లు బిగించి, రాత్రుళ్లు ఖాళీ రోడ్డు మీద గురువు పక్కనే స్టీరింగ్ నేర్చుకునేవారు. ఇప్పుడు కిరాయిలు గిట్టక చాలా లారీల్లో క్లీనరే లేడు. ఆ మెట్టు పోయింది.

ఓనర్ల భయమూ అర్థమవుతుంది, లక్షల అప్పు మీద నడిచే బండి కదా. అయినా సీనియర్ పక్కన రెండో డ్రైవర్‌గా కొన్ని ట్రిప్పులు పంపి చూడండన్నా. జీతం తక్కువైనా వస్తాడు. తెలిసిన ఓనర్లుంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి.