రిమ్ము పోతే పోనీ, మనిషి ఇంటికి రావాలి



మావిడి లోడ్లు మొదలయ్యాయి. మన బొబ్బిలి చుట్టుపక్కల తోటల నించి రోజూ రాత్రి పికప్ బళ్లు విశాఖ వైపు దిగుతున్నాయి. కాయ కోసేశాం, క్రేట్లలో సర్దేశాం, ఇంక భయం లేదు అనుకుంటాం. మధ్యలో రోడ్డు ఒకటుందని మర్చిపోతాం. ఈ రోజు ఆ రోడ్డు గురించీ, టైరు గురించీ రాస్తున్నాను. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

మన దారి మీకు తెలిసిందే. రామభద్రపురం దగ్గర 26వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాం. పెద్దోళ్లు ఇప్పటికీ దాన్ని 43 అనే అంటారు. గజపతినగరం, విజయనగరం దాటి నాతవలస దగ్గర 16వ నంబరు రోడ్డులో కలుస్తాం. ఒకప్పటి 5వ నంబరు, చెన్నై నించి కోల్‌కతా పోయే రోడ్డు. అక్కడిదాకా గేదెలు, సైకిళ్లు, స్పీడు బ్రేకర్లు అన్నీ ఉంటాయి కాబట్టి మన బండి వేగం మన చేతిలో ఉంటుంది. నాతవలస దాటాక పక్కన పోయే లారీల వేగమే మన వేగం అయిపోతుంది.

పోయినేడు మే నెలలో సువర్ణరేఖ డెబ్బై క్రేట్లు ఎత్తించి, డ్రైవరు పక్కన కూర్చుని రాత్రి రెండున్నరకి బయలుదేరాను. డ్రైవరు పక్క ఊరి కుర్రాడు, నన్ను బాబాయ్ అంటాడు. పెద్ద రోడ్డు ఎక్కేం, తగరపువలస ఇంకా రాలేదు, చీకటిగానే ఉంది. వెనక కుడి వైపు ఢబ్ మని చప్పుడు. బండి ఒక్కసారి కుడికి లాగేసింది.

ఆ కుర్రాడు చేసిన పని చెప్తాను, గుర్తుపెట్టుకోండి. బ్రేకు తొక్కలేదు. స్టీరింగు రెండు చేతులా బిగించి పట్టుకుని బండిని సూటిగా ఉంచాడు. ఏక్సిలేటరు మీంచి కాలు మెల్లగా తీశాడు. వేగం దానంతటదే తగ్గాక ఇండికేటరు వేసి ఎడమ మార్జిన్లోకి తెచ్చాడు. టైరు పేలిన బండికి గట్టిగా బ్రేకు వేస్తే పేలిన వైపుకి తిరిగిపోతుంది. లోడు ఎత్తుగా ఉంటే పల్టీ కొడుతుంది.

బండి ఆగింది. అసలు ప్రమాదం అప్పుడే మొదలైంది.

"బాబాయ్, కుడి వెనక్కాల టైరు పోనాది. పది నిమిషాల్లో మార్చీగలను," అని జాకీ తీశాడు. కుడి వెనక అంటే రోడ్డు వైపు. ఆ చక్రం దగ్గర కూర్చుంటే వాడి వీపు లారీలు పోయే వరసకి జానెడు దూరంలో ఉంటుంది. అంతలో ఒక లారీ పోయింది. ఆ గాలికి మా బండి ఊగింది.

"జాకీ లోపల పెట్టీరా," అన్నాను.

"ఆరింటికి పాట కదా బాబాయ్. కొట్టు కాడ నించి రెండుసార్లు ఫోను చేసినారు."

"పాట పోతే పోతాది. నువ్వు ఆ పక్కన కూకోవద్దు."

ముందు అర కిలోమీటరు దూరంలో పెట్రోలు బంకు లైట్లు కనిపిస్తున్నాయి. మెల్లగా అక్కడిదాకా పోనిమ్మన్నాను. "రిమ్ము పోద్ది బాబాయ్," అన్నాడు. "సగం నాను ఇస్తాను, పోనీ," అన్నాను. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, మార్జిన్లోనే మనిషి నడిచే వేగంతో పోనిచ్చాడు. చక్రం చేసిన రొద ఇప్పటికీ చెవుల్లో ఉంది. బంకులో చదును నేల ఉంది, వెలుతురు ఉంది. ముప్పై క్రేట్లు దించితే గానీ జాకీ లేవలేదు. విప్పి చూస్తే టైరులో మేకు. గాలి దారిపొడుగునా దిగుతూ వచ్చింది.

పాటకి రెండు గంటలు ఆలస్యం అయ్యాం. క్రేటుకి నలభై రూపాయలు తగ్గింది. డెబ్బై క్రేట్లకి 2,800 రూపాయలు, పైన రిమ్ములో నా సగం. ఆ రోజు నా నష్టం లెక్క అంతే. ఆ కుర్రాడికి ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ఆ పక్కన పెట్టుకోవాల్సిన లెక్క ఏదో మీరే చూసుకోండి.

ఇంకో లెక్క కూడా చూడండి. గంటకి 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 22 మీటర్లు. వెనక వచ్చే డ్రైవరు మన బండిని చూసి, అది ఆగి ఉందని గ్రహించి, బ్రేకు మీద కాలు పెట్టేసరికి రెండు సెకన్లు పట్టిందనుకోండి, 44 మీటర్లు వచ్చేశాడు. అప్పటికి బ్రేకు ఇంకా పడలేదు. లోడు లారీ ఆగాలంటే ఇంకా బోలెడు దూరం కావాలి. అందుకే బండి వెనకే ఆనించి పెట్టిన కొమ్మ, రాయి ఎవర్నీ కాపాడవు. ఎర్ర త్రికోణం బోర్డు బండిలో ఉండాలి. పగలైతే కనీసం యాభై పెద్ద అంగలు, రాత్రి అయితే వంద అంగలు వెనక్కి పోయి పెట్టాలి. వచ్చే బళ్లకి ఎదురు చూస్తూ, రోడ్డు అంచుకి అవతల నడవాలి.

బంకు లేని చోట టైరు పోతే ఏటి చెయ్యాలి? తారు దాటి ఎంత ఎడమకి పోగలిగితే అంత పోండి. అందరూ ఎడమ తలుపు నించే దిగండి. లోడు మీద కూర్చున్న కూలీల్ని ముందు దింపండి. రెయిలింగు ఉంటే దాని అవతల, బండికి దూరంగా నిలబడండి. బండి వెనక నిలబడి ఫోను మాట్లాడొద్దు, బండి కింద నీడకి పడుకోవద్దు. జాతీయ రహదారి అయితే 1033కి ఫోను చెయ్యండి, ఏ వేళైనా పలుకుతారు. మన బొబ్బిలి, రామభద్రపురం మధ్య రోడ్డు లాంటి చోట్ల అయితే 112. ఎవరికైనా దెబ్బ తగిలితే 108. పక్కన కిలోమీటరు రాయి మీది అంకె చెప్తే తొందరగా వస్తారు.

మార్చే వీలున్న చోటే మార్చండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తరవాతే జాకీ ఎత్తండి. మట్టి నేల అయితే జాకీ కింద చెక్క వెయ్యండి. పని అయ్యాక ఆ రాళ్లు తీసి అవతల పారెయ్యండి. ఇది చేతులు జోడించి అడుగుతున్నాను. మన ట్రాక్టర్లు, చెరకు బళ్లు వెళ్లిపోయాక రోడ్డు మీద మిగిలిన రాళ్లకి తగిలి, రాత్రి మోటారు సైకిలు మీద పోయేవాడు పడిపోతాడు. వాడూ ఏదో ఊరి రైతే.

బయలుదేరే ముందు చూడాల్సినవి కొన్ని. ఎండకి గాలి పెరిగి టైరు పేలింది అంటాం. చాలాసార్లు జరిగేది గాలి తక్కువ ఉండటం. గాలి తగ్గిన టైరు బరువుకి పక్కలు మడతపడి, ఆ మడతకే లోపల కాలిపోతుంది. గాలి బండి నడవక ముందు, చల్లగా ఉండగా చూడాలి. టైరు పక్కన నాలుగు అంకెలు ఒక చోట ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం చేసినది. గళ్లు బాగున్నాయి కదా అని ముసలి టైరుని నమ్మకండి, పక్కల్లో పగుళ్లు ఉన్నాయేమో చూడండి. గళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే ఆ టైరు పెద్ద బండికి చట్టప్రకారం పనికిరాదు. స్టెప్నీలో కూడా గాలి చూడండి. వెనక రేడియం స్టిక్కర్లు మట్టి తుడవండి.

ఆఖరి మాట, ఇది సరుకు యజమానికి. 1757 నాటి యుద్ధం పేరు చెప్పుకుని, బొబ్బిలోళ్లం వెనక్కి తగ్గం అంటాం. రోడ్డు మీద ఆ మాట పనికిరాదు. డ్రైవరుకి రోడ్డు కంటే మనమంటేనే ఎక్కువ భయం. ఆలస్యమైతే తిడతామని, కిరాయి కోస్తామని, మళ్లీ పిలవమని వాడు రోడ్డు వైపు కూర్చుంటాడు. "ఆగాల్సిన చోట ఆగు, రిమ్ము పోయినా పరవాలేదు, ఆలస్యం నాది" అని బండి కదలకముందే చెప్పండి. లోడు నాది అన్నవాడే ఈ మాట అనాలి. ఇంకెవరన్నా వాడు వినడు.

ఈ రాత్రి లోడు పంపేవాళ్లెవరైనా ఉంటే, తాళ్లు బిగించేటప్పుడే వాడి భుజం మీద చెయ్యేసి ఆ ఒక్క మాట చెప్పండి.