ఎవరు మానేయమన్నారు?

బీడీ మానేయమని చెప్తాను. పాట మానేసి వస్తారు. ఉప్పు తగ్గించమంటాను. స్నేహితుల దగ్గరికి వెళ్లడం తగ్గిస్తారు. బీపీ మాత్ర ఆపకూడదని నోటితో చెప్పి, చీటీ మీద రాసి, కింద రెండు గీతలు గీసి పంపిస్తే మూడో నెలకి దాన్నీ ఆపేసి, "నార్మల్ వచ్చింది కదా సార్" అంటారు. యూసుఫ్‌గూడలో ఇన్నేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నేను మానమన్నది మానినవాళ్లకంటే, నేను ఊసైనా ఎత్తనిది మానేసి వచ్చినవాళ్లే ఎక్కువ.

ఈసారి నా కోపం పాట మానేసినవాళ్ల మీద. మానిపించినవాళ్ల మీద ఇంకా ఎక్కువ.

మా పేటలో పాడేవాళ్లకు కొదవలేదు. ఒకవైపు సారథి స్టూడియో. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన మొదటి తెలుగు సినిమాగా చెప్పుకునే 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో అక్కడి నుంచే వచ్చింది. ఇంకోవైపు ఎత్తు మీద అన్నపూర్ణ స్టూడియోస్. మధ్యలో కృష్ణానగర్ ఇరుకు గల్లీలు. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్లు, మేకప్ వాళ్లు, ఒకప్పుడు కోరస్ పాడినవాళ్లు, ఒక్క ఛాన్స్ కోసం వచ్చి జుట్టు నెరిసినవాళ్లు, అందరూ ఇక్కడే. వీళ్లకు తోడు సినిమాతో ఏ సంబంధమూ లేని బ్యాంకు ఉద్యోగులు, టీచరమ్మలు, బెటాలియన్‌లో చేసి రిటైరైన హెడ్ కానిస్టేబుళ్లు. ఆదివారం సాయంత్రమైతే ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్ డాబా మీద చేరతారు. బ్లూటూత్ స్పీకరు, రెండు మైకులు, ఫోన్లో కరోకే ట్రాకులు, ఎవరింటి నుంచో మిర్చి బజ్జీలు. బజ్జీల పళ్లెం నేను వెళ్లేసరికి మాయమవుతుంది. నేనూ వాసన రానట్టే కూర్చుంటాను.

నేను పాడను. పాడమని పట్టుబడితే వాళ్లు కోరేది ఎప్పుడూ ఒకటే, 1964 నాటి 'డాక్టర్ చక్రవర్తి' పాట. ఈ హాస్యం వాళ్లకి ఇంకా పాతబడలేదు.

ఏడాదికోసారి, ఘంటసాల పుట్టిన డిసెంబరు 4కో పోయిన ఫిబ్రవరి 11కో, చందాలేసుకుని చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి వెళ్తారు. మనిషికి ఒక్క పాట. ఆ ఒక్క పాటకి నెల రోజుల సాధన, కొత్త జుబ్బా, ముందు వరసలో ఫోన్లెత్తి పట్టుకున్న కొడుకూ కోడలూ మనవలూ. ఘంటసాల 51 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన పాటలు పాడే మా వాళ్లలో ఎనభై దాటినవాళ్లున్నారు. వాళ్లు మందులు మానకుండా ఉంటే ఇంకా పాడతారు. అక్కడే నా గొడవ మొదలు.

లైట్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, గోదావరి వైపు మనిషి. చాన్నాళ్లకి వచ్చారు. "ఆయాసమండీ. అందుకే పాటలాపేశానండీ" అన్నారు, ఏదో త్యాగం చేసినట్టు. చొక్కా జేబులోంచి బీడీ కట్ట తొంగి చూస్తోంది.

"మరి బీడీలో?"

"తగ్గించేశానండీ. రోజుకి నాలుగేనండీ."

"నేను రాసిన పంపు?"

"అది వాడితే అలవాటైపోద్దంట కదండీ."

నలభై ఏళ్లు బీడీ తాగినప్పుడు రాని అలవాటు భయం, రెండు పూటలా పంపు పీల్చమనేసరికి వచ్చింది! ఈయనకున్నది సీఓపీడీ. పొగకి గాలిగొట్టాలు ఇరుకైపోతాయి. అందరూ అనుకునేది గాలి లోపలికి పోవడం లేదని. అసలు చిక్కు బయటికి రావడంలో. అమీర్‌పేట మెట్రోలో దిగేవాళ్లు దిగకపోతే ఎక్కేవాళ్లకి చోటెక్కడిది? పాత గాలి లోపలే కూర్చుంటుంది, కొత్త గాలికి తావుండదు, మనిషి ఎగశ్వాస పెడతాడు. అందుకే ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా, పెదాలు సన్నగా చేసి వదలమని నేర్పిస్తాం. ఆయన ఏం చేస్తారో తెలుసా? ఒక చరణాన్ని గాలి ఎక్కడ పీల్చాలో లెక్కేసుకుని, ఉన్న ఊపిరినంతా పొదుపుగా వాడి చివరిదాకా లాక్కొస్తారు. నేను నేర్పాలనుకున్న కసరత్తు అదే. బ్రిటన్‌లో ఊపిరితిత్తుల రోగుల కోసమే పాటల బృందాలు నడుపుతున్నారు, నేర్పేవాళ్లకి శిక్షణ ఇచ్చి మరీ. మా పెద్దాయనకి అది డాబా మీద ఉచితంగా దొరికింది. దాన్ని ఆపి బీడీని ఉంచుకున్నారు.

పాట మందు కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. లేకపోతే రేపు ఇంకొకాయన పంపు ఆపేసి పాడుకుంటూ వస్తాడు. పంపు పంపే, పాట పాటే. దగ్గు, జ్వరం ఉన్నప్పుడు ఇంట్లో ఉండాలి. బైపాస్ అయినవాళ్లు ఛాతీ ఎముక అతుక్కునేదాకా, అంటే రెండు మూడు నెలలు, హార్మోనియం పెట్టె ఎత్తకూడదు. ఆ పెట్టెను పక్కవాడు ఎత్తుతాడు. పక్కవాడు ఉండడమే కదా అసలు సంగతి.

రహమత్‌నగర్ టీచరమ్మ విషయంలో మాత్రం నాకు నవ్వు రాలేదు. తెలుగు పంతులమ్మ, డ్యూయెట్లలో సుశీల వంతు ఎప్పుడూ ఆమెదే. ఒకరోజు పొద్దున్నే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. "గోళీలు బంద్ చేసింది సార్, బీపీ నార్మల్ వచ్చిందని" అన్నాడు కొడుకు. గోళీ వేసుకుంటేనే నార్మల్ వచ్చిందన్న సంగతి ఎన్నిసార్లు చెప్పాలి? రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. వీళ్లు ఎవరో చెప్పారని ముందు పసరు పోయించడానికి తీసుకెళ్లారు. ఆస్పత్రికి చేరేసరికి పొద్దు వాలింది.

ప్రాణం నిలిచింది. మాట తిరిగి రాలేదు. ఏం అడిగినా ఒకే ముక్క, చెప్పాలనుకున్నది నోటికి రాక కళ్ల నీళ్లు. పాటల గుంపులోని ఆడవాళ్లు చూడ్డానికి వస్తే ఇంట్లోవాళ్లు గుమ్మంలోంచే పంపించేశారు. "మిమ్మల్ని చూస్తే అమ్మ ఏడుస్తది" అన్నారట. ప్రేమతోనే అన్నారు, అందులో అనుమానం లేదు. ఇళ్లల్లో సగం నష్టం ప్రేమతోనే జరుగుతుంది. నెలల తరబడి ఆమె ఒక మంచం, ఒక గోడ, ఒక టీవీ చూస్తూ గడిపింది.

మాటల అల్లిక చాలామందిలో ఎడమ మెదడు పని. రాగం పట్టుకోవడంలో కుడి మెదడుకీ పెద్ద వాటా ఉంది. ఎడమవైపు దెబ్బతిన్నవాళ్లలో కొందరు మాట్లాడలేరుగానీ, ఎన్నడో కంఠతా వచ్చిన పాటను సాహిత్యంతో సహా పాడగలరు. 1973లో బోస్టన్‌లో దీన్నే ఆధారం చేసుకుని, మాటను రాగంలో పెట్టి తిరిగి నేర్పే పద్ధతి ఒకటి తయారు చేశారు. ఇదంతా ఆ కొడుక్కి చెప్పి, స్పీచ్ థెరపీకి రాసిచ్చి, ఆదివారం తీసుకురమ్మన్నాను. ఇష్టం లేకపోయినా తెచ్చాడు, చక్రాల కుర్చీలో.

ట్రాక్ పెట్టారు. 'గులేబకావళి కథ'లోని ఘంటసాల, సుశీల డ్యూయెట్. 1962 నాటిది, సినారె సినిమాల్లోకి వచ్చింది ఆ చిత్రంతోనే. మగగొంతు మొదలెట్టాడొకాయన, ఆమె వంతు వచ్చేసరికి ఎత్తుకోవడం తెలియనట్టు తడబడ్డాడు కావాలనే. ఆమె ఎత్తుకుంది. నోరు ఒక పక్కకి లాగుతున్నా, అక్షరాలు ముద్దగా ఉన్నా, పల్లవి మొత్తం వచ్చింది. కొడుకు ఫోన్ తియ్యడం కూడా మర్చిపోయాడు. కోడలు తీసింది.

మర్నాడు లేచి ఆమె గడగడా మాట్లాడేసిందని రాస్తే బాగానే ఉంటుంది, సినిమావాళ్ల పేట కదా. అలా జరగలేదు. "నీళ్లు" అనడానికి ఇంకా నెలలు పట్టింది. కానీ ఆ తర్వాత థెరపీకి ఒక్క రోజు ఎగ్గొట్టలేదు. బీపీ గోళీ సంగతి డ్యూయెట్ ఆయన రోజూ ఫోన్ చేసి అడుగుతాడు. ఆమె వేసుకున్నానని హమ్ చేసి చెప్తుంది.

"ఈ వయసులో అవసరమా?" అని నన్ను నిలదీసే కొడుకులకి నేను ఎత్తు మీది స్టూడియో చూపిస్తాను. అక్కినేని నాగేశ్వరరావు 1974లో అమెరికా వెళ్లి గుండె ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ రోజుల్లో ఆ ఆపరేషన్ అంటే ఇంట్లో ఏడుపులే. తిరిగొచ్చి మనిషి వాలుకుర్చీలో కూర్చోలేదు. 1976లో ఆ రాళ్లగుట్టల మధ్య స్టూడియో తెరిచారు. 2014 జనవరిలో పోయేదాకా పని చేస్తూనే ఉన్నారు. 'మనం' ఆయన పోయాకే విడుదలైంది. సరే, ఆయన ఏఎన్నార్, మా నాన్న కాదంటారా? 16 దేశాల్లో 65 దాటిన 93 వేల మందికి పైగా జనాన్ని పరిశీలించి 2023లో ఒక అధ్యయనం వెలువరించారు. హాబీ ఉన్నవాళ్లలో కుంగుబాటు తక్కువ, బతుకు మీద తృప్తి ఎక్కువ. ఒంటరితనంతో ముడిపడిన చావులు ఏడాదికి 8,71,000, అంటే గంటకి వంద, అని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. కొలెస్ట్రాల్ రిపోర్టు వాట్సాప్‌లో పంపి అర్ధరాత్రి నన్ను లేపే కొడుకులు ఈ లెక్క ఎప్పుడూ అడగరు.

డల్లాస్ నుంచి ఫోన్ చేసిన అబ్బాయి కూడా అడగలేదు. వాళ్ల నాన్న బ్యాంకులో చేసి రిటైరయ్యారు, భార్య పోయింది, గుండె పంపింగ్ తగ్గింది. అలాంటివాళ్లు రోజూ బరువు చూసుకోవాలి. వారంలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆయనకి పాత ఎల్ఐసీ డైరీ ఒకటుండేది. ఎడమ పేజీలో పాట, సినిమా, సంవత్సరం, శ్రుతి ఒకటిన్నర అనో రెండు అనో, ఆడగొంతు ఎవరు అనేది. కుడి పేజీలో అదే తేదీన బరువు, బీపీ. ఆదివారం ఆ డైరీ గుంపులో చేతులు మారేది. ఒక పేజీ అంచున వేరే చేతిరాతతో ఇలా ఉంది: "కిలో పెరిగావు. ఆవకాయ అని ఒప్పుకో."

మొదటిసారి ఆయాసమొచ్చి ఆస్పత్రిలో పడ్డాక కొడుకు హుకుం జారీ చేశాడు. డాబా మెట్లు ఎక్కొద్దు, పాటలొద్దు, రెస్ట్. నేను మెట్లెక్కొద్దన్నాను, అంతే. గుంపువాళ్లు కింద పార్కింగ్‌లో కూర్చుంటామన్నారు కూడా. కొడుకు మాట కాదనలేక ఆయన మానేశారు. నాకు చెప్పలేదు. డైరీలో రెండు పేజీలూ ఒకే వారం ఆగిపోయాయి. కాళ్లకి నీరు దిగింది, పనిమనిషి తప్ప చూసినవాళ్లు లేరు. పాట ఆపినందుకే పోయారని నేననను. ఆ గుండె ఎంతకాలం లాగేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ వాపు ఒక్క ఆదివారం వాళ్ల కంట పడి ఉంటే నా దగ్గరికి వీపు మీద మోసుకునైనా తెచ్చేవాళ్లు.

కర్మకాండకి వచ్చిన ఆ అబ్బాయి నన్ను కలిసి అడిగింది ఒక్కటే. నాన్న గొంతు ఎవరి దగ్గరైనా ఉందా సార్, మా దగ్గర ఫోటోలే ఉన్నాయి అని. ఎందుకు లేదు? గుంపులో ప్రతి ఫోన్లోనూ ఉంది. కూర్చుని పంపించారు, ఒకటొకటిగా. వాటిలో పాట కన్నా పాటకి ముందు వెనకల గోల ఎక్కువ. శ్రుతి కుదరక తిట్టుకోవడం, ట్రాక్ మధ్యలో ఆగిపోవడం, ఎవరో పడీపడీ నవ్వడం. "ఆ నవ్వేది ఎవరు సార్?" అన్నాడు. మీ నాన్నే, అన్నాను. ఆ అబ్బాయి మీద నాకున్న కోపం అక్కడితో పోయింది. అలాంటి ఫోన్లు చేసే మిగతావాళ్ల మీద ఉంది.

మొన్న ఒకావిడ భర్తని వెంటబెట్టుకుని వచ్చింది. పేస్‌మేకర్ వేశారు, గాయం మానింది.

"మైకు పట్టుకోవచ్చా సార్? కరెంటు కొడుతుందని మా అబ్బాయి వద్దంటున్నాడు."

"పట్టుకోవచ్చమ్మా. ఫోన్ ఎడమ జేబులో పెట్టొద్దు. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది, దాన్ని గుండెకి హత్తుకోకుండా జానెడు దూరంలో ఉంచితే చాలు."

"నోటితో చెప్తే వాడు నమ్మడు, రాసివ్వండి."

లెటర్‌హెడ్ మీద 'పాడవచ్చు' అని రాసి, సంతకం చేసి, స్టాంపు కూడా వేశాను. ఆయన ఆ కాగితాన్ని మురిపెంగా మడిచి జేబులో పెట్టుకోబోతుంటే ఆవిడ లాక్కుని మళ్లీ నా బల్ల మీద పెట్టింది.

"శ్రుతి తగ్గించి పాడమని కూడా రాయండి సార్. నా మాట వినడు."