రెండు మిల్లీగ్రాములు

మాది పాడేరు కొండల్లో చిన్న ఊరు. పొద్దున చోడి అంబలి తాగి పోడుకు పోయేవాళ్ళం. మధ్యాహ్నం సామ అన్నం, పప్పు, ఏదో ఒక ఆకుకూర. ఆరో తరగతికి ఆశ్రమ పాఠశాలలో చేరాక మూడు పూటలా తెల్లటి అన్నం దొరికింది. రోజూ పండగే అనుకున్నాను. అమ్మ సంతకు వచ్చి సీసాలో అంబలి తెస్తే, తోటి పిల్లలు నవ్వుతారని తిప్పి పంపేశాను.

కొన్ని నెలలకు నా నోటి మూలలు రెండూ పగిలాయి. నాలుక ఎర్రబడి కారం తగిలితే మండేది. నవ్వితే రక్తం వచ్చేది. నవ్వడం మానేశాను. పాఠం పైకి చదవమంటే నోరు తెరవలేక నిలబడేవాణ్ణి. మొద్దు అని పేరు పెట్టారు. వేసవి సెలవుల్లో ఇంటి తిండి తిన్నాక పుళ్ళు మానాయి. ఎందుకు మానాయో మాకెవరికీ తెలియదు.

టీచర్ ట్రైనింగులో తెలిసింది, బి2 విటమిన్ తక్కువైతే అలా అవుతుందని. పెద్దవాళ్ళకు అది రోజుకు సుమారు 2 మిల్లీగ్రాములు చాలు. అంటే ఒక్క గ్రాము 500 రోజులకు వస్తుంది. సి విటమిన్ మగవాళ్ళకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు కావాలి. బి12 అయితే రెండు మైక్రోగ్రాముల పైచిలుకు. ఇంత చిన్న లోటు మనిషిని వెంటనే మంచాన పడేయదు. కడుపు నిండే ఉంటుంది, పిల్లవాడు ఆడుతూనే ఉంటాడు. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఈలోగా మొద్దు అన్న పేరు మాత్రం నిలిచిపోతుంది.

ఇప్పుడు నేనూ పంతులునే. పిల్లవాడు చదవకపోతే ముందు నోటి మూలలు చూస్తాను. ఇనుము తక్కువైనా అవి పగులుతాయి, కాబట్టి ఆరోగ్య కేంద్రంలో చూపిస్తాను. వంటమ్మలకు రెండే మాటలు చెబుతాను: కూర కోసి కడగొద్దు, కడిగి కోయండి, గంజి వార్చి పారబోయకండి. బి, సి విటమిన్లు నీళ్ళలో కరిగి పోతాయి.

చోళ్ళు ఒక్కటే అన్నిటికీ మందని నేననను. చోడి, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, అడవిలో దొరికే ఉసిరికాయ, ఇవన్నీ కలిస్తేనే లెక్క సరిపోతుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇంటి తిండిని చూసి సిగ్గుపడకండి. ఆ రోజు సీసా తిప్పి పంపితే అమ్మ ఒక్క మాటా అనలేదు. కొండెక్కే దారిలో ఆ అంబలి తనే తాగిందట.