కొత్త కోర్టు, పాత బంతి

మాది జంగమకోటె. చిక్కబళ్లాపురం జిల్లా, శిడ్లఘట్ట తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఊరినిండా మల్బరీ తోటలు, పట్టుపురుగులు. మా చిన్నప్పుడు ఆటలంటే కబడ్డీ, ఖోఖో, మహా అయితే వాలీబాల్. బాస్కెట్‌బాల్ అనేదాన్ని నేను మొదటిసారి చూసింది బి.కాం. చదవడానికి బెంగుళూరు వెళ్లినప్పుడే. అలాంటివాడికి ఈ ఆట గురించి రాసే అర్హత ఏముందని మీరు అడగవచ్చు. నాకు ఒకే ఒక్క అర్హత ఉంది. మా అమ్మాయి కాలేజీ జట్టులో ఆడింది.

అమ్మాయి ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. "ఈ ఎత్తుకి బాస్కెట్‌బాల్ ఏమిటే?" అని మా ఆవిడ మొదట్లో నవ్వేది. కానీ అప్పటి కోచ్ నేర్పింది పరుగుల ఆట. బంతి చేతికి చిక్కడం ఆలస్యం, అవతలివాళ్లు సర్దుకునేలోగా రింగు కింద ఉండాలి. అందరూ పొట్టిపిల్లలే గనుక అదే వాళ్లకు బలం. రెండేళ్లు మా అమ్మాయి బంతి పట్టుకుని లేడిపిల్లలా పరుగెత్తింది.

మూడో ఏడు ఆ కోచ్‌కి వేరే కాలేజీలో మంచి జీతం వచ్చి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో వచ్చినాయనకు పెద్ద పేరే ఉంది. తన పాత కాలేజీకి కప్పులు తెచ్చిపెట్టినవాడు. అయితే అక్కడ ఆయన దగ్గర ఆరడుగులకు కాస్త తక్కువగా ఇద్దరు పిల్లలుండేవారట. బంతిని నిదానంగా తెచ్చి, రింగు కింద నిలబడ్డ పొడుగుపిల్లకు అందించడం, ఎదుటివాళ్లు దాడికి వస్తే ముందు ఇద్దరూ వెనక ముగ్గురూ తమ తమ చోట్ల కాపు కాయడం ఆయన పద్ధతి. అదే పద్ధతి ఇక్కడా పెట్టాడు. పొడుగుపిల్ల లేని జట్టుకు పొడుగుపిల్ల ఆట! వరసగా నాలుగు ఆటలు ఓడిపోయారు. మా అమ్మాయి బెంచీ మీద కూర్చుంది. ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని, "నాన్నా, నేనింక ఆడను" అంది. కళ్లలో నీళ్లు లేవు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు సెలవు పెట్టి కాలేజీకి వెళ్లాను. బ్యాంకు ఆఫీసరు హోదా కొంచెం తలకెక్కే ఉంది, ఒప్పుకుంటాను. నేను చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నాడు. విని ఒక్క ప్రశ్న అడిగాడు.

"సార్, మీకు ట్రాన్స్‌ఫర్లు అవుతుంటాయి కదా. కొత్త బ్రాంచికి వెళ్లిన మొదటి మూడు నెలలూ మీరేం చేసేవారు?"

నాకు మాట పెగల్లేదు. నా మొదటి బ్రాంచి మా పట్టు సీమలోనే. మాకు ఏడాదికి అయిదారు పంటలు. గూళ్లు మార్కెట్టుకు వెళ్లిన రోజే రైతు చేతిలో డబ్బు పడుతుంది, మర్నాడు బాకీ అడిగితే న్యాయంగానే ఉంటుంది. అక్కణ్ణించి నన్ను చిక్కమగళూరు వైపు కాఫీ సీమకు వేశారు. నేను అదే ఊపులో నెలనెలా రైతుల గుమ్మాలెక్కాను. నాలుగో నెలలో ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "సారూ, ఈ చెట్టు ఏడాదికి ఒక్కసారే కాస్తుంది" అన్నాడు. ఆ లోపల నేను పోగొట్టిన మంచితనాన్ని తిరిగి సంపాదించడానికి రెండేళ్లు పట్టింది.

ఇదంతా కోచ్‌తో చెప్పలేదు. "మీరూ ఆలోచించండి, నేనూ ఆలోచిస్తాను" అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. కామర్స్ వాణ్ణి కదా, అంకెలు చూడందే నమ్మను. అమెరికాలో జాన్ బీలైన్ అని ఒక కాలేజీ కోచ్ ఉన్నాడు. హైస్కూలు కోచ్‌గా మొదలుపెట్టి, చిన్న కాలేజీల నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కి వెస్ట్ వర్జీనియాకు, 2007లో మిషిగన్‌కు చేరాడు. ఒకరు ముందు, ముగ్గురు మధ్య, ఒకరు వెనక నిలిచే కాపలాకు ఆయన పెట్టింది పేరు. మిషిగన్‌లో మొదటి ఏడు 10 గెలుపులు, 22 ఓటములు. తర్వాత ఆయన క్రమంగా తన పేరు మోసిన ఆ కాపలానే తగ్గించుకున్నాడు. ట్రే బర్క్ అనే కుర్రవాడు దొరికితే దాడిని అతని చేతివాటానికి తగ్గట్టు మార్చాడు. 2013లో జట్టు ఫైనలు దాకా వెళ్లింది. కాపలా నేర్పడానికి తనకంటే ఎంతో చిన్నవాణ్ణి సహాయకుడిగా తెచ్చుకున్నాడు. 2018లో మళ్లీ ఫైనలు. అదే మనిషి 2019లో వృత్తి ఆటగాళ్ల జట్టు క్లీవ్‌లాండ్‌కు వెళ్లి, 14 గెలిచి 40 ఓడి, సీజను మధ్యలోనే తప్పుకున్నాడు. మారడం తెలిసినవాడికి కూడా ప్రతిచోటా అది కలిసిరాదన్నమాట.

మన దేశంలోనూ ఒక ఉదాహరణ ఉంది. ఎస్. సుబ్రమణియన్ అనే దక్షిణాది కోచ్ చివరి రోజుల్లో పంజాబు వెళ్లి లుధియానా అకాడమీలో పిల్లల్ని తీర్చిదిద్దాడు. భాష వేరు, తిండి వేరు, పిల్లల ఒళ్లే వేరు. ఆయన 2013లో కన్నుమూశాడు. 2014 జులైలో మన జట్టు చైనాను 65-58 తేడాతో ఓడించినప్పుడు, అందులో ఆ అకాడమీ కుర్రవాళ్లున్నారు. అప్పటి జట్టు కోచ్ స్కాట్ ఫ్లెమింగ్ కూడా అమెరికా కాలేజీల్లో నేర్పి వచ్చినవాడే. మరుసటి ఏడు లుధియానా కుర్రవాడు సత్నామ్ సింగ్‌ను డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. మన దేశంలో పుట్టినవాళ్లలో ఎన్‌బీఏ ఎంపిక దక్కినవాడు అతనే మొదటివాడు.

మా కథకు వస్తాను. రెండు వారాల తర్వాత ఆ కోచ్ పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, "పాత జట్టు కొలతలకు కుట్టిన చొక్కా మీకు తొడిగాను. తప్పు నాదే" అన్నాడట. పేరున్న మనిషి పిల్లల ముందు ఆ మాట అనడం చిన్న విషయం కాదు. పరుగుల ఆట తిరిగి వచ్చింది. అయితే అంతా పాతదే కాదు. బంతి చేతిలో ఉంటే రింగు వైపు విసరడానికి 24 సెకన్లు గడువు. పాత కోచ్ మొదటి ఎనిమిది సెకన్లు మాత్రమే వాడుకోవడం నేర్పాడు. ఈయన మిగతా పదహారూ ఎలా వాడుకోవాలో నేర్పాడు. మా అమ్మాయిని పిలిచి, "లోపలికి దూరడం నీకు వచ్చు. అది అందరికీ తెలిసిపోయింది. దూరం నుంచి వెయ్యడం నేర్చుకో" అన్నాడు. మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దూరం. ఆ దూరానికి మా పిల్ల చేతులు మొదట చాలలేదు. పొద్దున్నే అయిదున్నరకు దించి రావడం నా డ్యూటీ అయింది. మూడు నెలలకు బంతి అందడం మొదలైంది.

ఆ ఏడు సెమీఫైనల్లో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. చివరి నిమిషంలో మా అమ్మాయి వేసిన బంతి రింగు చుట్టూ తిరిగి బయటపడింది. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం రెండోసారి వడ్డించుకుని తింది. "ఆడను" అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

సమయాన్ని బట్టి మారేవాణ్ణి మనవాళ్లు 'ఏ ఎండకా గొడుగు' అని వెక్కిరిస్తారు. నేనూ అన్నవాణ్ణే. ఇప్పుడు ఆ మాట వాడే ముందు కాస్త ఆగుతున్నాను. తన లాభం కోసం మారడం వేరు, ఎదురుగా ఉన్న పిల్లల కోసం మారడం వేరు.

సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు అమ్మాయి ఈ కథంతా మా నాయనకు చెప్పింది. ఆయన ఒకప్పుడు ఆకు ఆకూ కోసి తట్టల్లో పురుగులకు మేత వేసినవాడు. బైవోల్టిన్ రకాలు వచ్చాక, యాభై దాటిన వయసులో, కొమ్మలకు కొమ్మలే కోసి వేసే పద్ధతికి మారాడు. అంతా విని మనవరాలితో ఇలా అన్నాడు.

"పాపా, పురుగు మారె, మేతేసే తీరూ మారె. ఆకు మాత్రం వాడనీకూడదు."